పాము కడుపులో పిల్లలు: ఒకే దృశ్యానికి మూడు తీర్పులు

పాము తన పిల్లల్ని తానే తింటుందన్న మాట మనవైపు వినని వాళ్లుండరు. గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్ట చుట్టుకుని కూర్చుంటుందట. పిల్లలు బయటికొస్తుంటే ఒక్కొక్కదాన్నీ నోట వేసుకుంటుందట. చుట్ట దాటి పారిపోయిన ఒకటో రెండో మాత్రమే బతికి బట్టకడతాయట. అలా తినకపోతే భూమ్మీద ఎక్కడ చూసినా పాములే ఉండేవని పెద్దవాళ్లు ముక్తాయిస్తారు కూడా. ఇది నిన్నమొన్నటి మాట కాదు. ఆకలికి ఆగలేని ఆడపాము తన గుడ్డును తానే తింటుందన్న ప్రస్తావన సంస్కృత హితోపదేశంలోనే ఉంది.

ఇంగ్లండు పల్లెల్లో ఇదే కథ తిరగబడింది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తల్లి పింజర నోరు తెరుస్తుందని, పిల్లలన్నీ బిలబిలా ఆ నోట్లోకి దూరిపోతాయని, గండం గడిచాక మళ్లీ వాటిని బయటికి వదులుతుందని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. ఇక గ్రీకులది మూడో మాట. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో చరిత్రకారుడు హెరొడోటస్ రాసినదాని ప్రకారం, జతకట్టే వేళ ఆడ పింజర మగదాని మెడ కొరికి చంపుతుంది. కడుపులో పెరుగుతున్న పిల్లలు తండ్రి పగ తీర్చుకోవడానికి తల్లి కడుపును కొరుక్కుంటూ బయటికొస్తాయి.

ఒకచోట తల్లి రాక్షసి. ఒకచోట తల్లే కాపుదల. ఇంకోచోట పిల్లలే హంతకులు. ఈ కథలు చెప్పినవాళ్లు పొలాల్లో, పొదల్లో తిరిగినవాళ్లు. ఏమీ చూడకుండా ఇన్ని తరాలపాటు ఇంత గట్టిగా ఎవరూ చెప్పరు. మరి ఏం చూశారు?

మొదటి ఆధారం ఇంగ్లండులోని సెల్బోర్న్ అనే ఊళ్లో దొరుకుతుంది. అక్కడి చర్చిలో మతగురువుగా పనిచేసిన గిల్బర్ట్ వైట్ ఊరి చుట్టూ ఉన్న పక్షుల్నీ, పురుగుల్నీ, పాముల్నీ ఏళ్ల తరబడి గమనించి స్నేహితులకు ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలే 1789లో పుస్తకంగా వచ్చాయి. 1775 ఆగస్టు 4న ఆయనకు గడ్డిలో ఎండ కాచుకుంటూ ఓ పెద్ద పింజర కనబడింది. ఒళ్లు బరువెక్కి, పొట్ట ఉబ్బి ఉంది. కోసి చూస్తే లోపల 15 పిల్లలు. అన్నిటికన్నా పొట్టిదే ఏడంగుళాలు. లావు, బాగా ఎదిగిన వానపామంత. తల్లి కడుపులోంచి బయటపడ్డాయో లేదో మెలికలు తిరిగాయి, తల పైకెత్తాయి, కర్రతో ముడితే నోరు బార్లా తెరిచి బెదిరించాయి. భూతద్దం పెట్టి వెతికినా వాటి నోట్లో కోరలు మాత్రం ఆయనకు కనిపించలేదు.

ఇంకొకరైతే అక్కడితో ఆగి, నన్ను చూసి తల్లి పిల్లల్ని మింగేసిందని ఊరంతా చెప్పుకునేవారు. వైట్ ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. ఈ పిల్లలు కడుపులో సరిగ్గా ఎక్కడున్నాయి? నోటి గుండా లోపలికి వెళ్లుంటే మెడ దగ్గరే ఎక్కడో ఉండాలి. ఇవి పొత్తికడుపులో కిక్కిరిసి ఉన్నాయి. కాబట్టి ఇవి అప్పటిదాకా బయటి గాలి పీల్చనేలేదని ఆయన అనుకున్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఇదే. ఎన్ని పిల్లలున్నాయని అందరూ లెక్కపెట్టారు. ఎక్కడున్నాయని చూసినవాడు ఆయన.

పాము ఒంట్లో తిండి వెళ్లే దారి వేరు, పిల్లలు పెరిగే చోటు వేరు. మింగినది ఏదైనా గొంతు దాటి, ఒంటి నడిమి భాగంలో ఉండే జీర్ణాశయానికి చేరుతుంది. పిల్లలు పెరిగేది వెనక సగంలో, తోక మొదలు దాకా సాగే రెండు పొడవాటి గొట్టాల్లో. మింగిన జంతువు చచ్చి ఉంటుంది. సాధారణంగా దాని తల పాము తోకవైపుకు ఉంటుంది, ఎందుకంటే పాము వేటను తలవైపు నుంచే మింగుతుంది. చర్మం కరగడం మొదలవుతుంది. పుట్టబోయే పిల్ల అలా ఉండదు. పల్చని పారదర్శకమైన పొరలో ముడుచుకుని ఉంటుంది, పొట్టకింద బొడ్డు చీలిక ఉంటుంది, దానికి అంటుకుని పచ్చసొన మిగులు ఉంటుంది. ఈ గుర్తులు తెలిసినవాడు కోసిన పామును చూస్తే అందులో ఉన్నవి కూడో, కూనలో ఒక్క క్షణంలో చెప్పగలడు.

మన దగ్గర ఈ దృశ్యాన్ని ఎక్కువసార్లు చూపించే పాము రక్తపింజర. ఈ పాముకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరులో ఉన్న పాట్రిక్ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ తరఫున కోరమండల్ తీరపు పాముల్ని సేకరించి, 1796లో వాటి మీద పెద్ద బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. రక్తపింజర బొమ్మ దగ్గర ఆయన రాసుకున్న స్థానిక పేరు ‘కాటుక రేకుల పొడ’. ఆ పేరు పెట్టినవాళ్లు దాని వీపు మీది మచ్చల్ని ఎంత దగ్గరగా చూశారో చెప్పనక్కర్లేదు.

రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. సాధారణంగా ఒక కాన్పుకు 20 నుంచి 40 పిల్లలు. 60 దాటిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఆరు నెలలకు పైగా మోసి, ఎక్కువగా మే నుంచి జూలై మధ్య కంటుంది. అంటే వేసవి చివర, తొలకరి నాగళ్లు కదిలే రోజుల్లో పొలంగట్ల మీద తిరిగే ఆడ పింజర నిండు చూలాలు. కదలిక మందగిస్తుంది, ఎండ కోసం బయట పడుకుంటుంది, మనిషి కంటబడుతుంది, కర్ర దెబ్బకు చస్తుంది. పొట్ట పగిలితే లోపలినుంచి జానెడు పిల్లలు పాతికో ముప్ఫయ్యో జరజరా పాకుతాయి. పాములంటే గుడ్లు పెట్టేవే అనుకునే మనిషికి ఆ పిల్లలు అక్కడికి ఎలా వచ్చి ఉంటాయనిపిస్తుంది? మింగితేనే కదా వచ్చేది. అదే శవాన్ని చూసి ఇంగ్లండు రైతు కాపాడటానికి మింగిందన్నాడు, మన రైతు తినడానికి మింగిందన్నాడు. ఇద్దరూ చూసింది ఒకటే.

గ్రీకుల తీర్పు కూడా ఇక్కడే తేలిపోతుంది. పింజర ప్రసవాన్ని దగ్గర్నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కో పిల్లా తడిగా మెరిసే పల్చని సంచీలో చుట్టుకుని బయటికొస్తుంది. కొన్ని క్షణాలు సంచీలోనే కదులుతుంది. ముట్టెతో పొడుస్తుంది, పొర సాగుతుంది, చిరుగుతుంది, ముందు తల బయటపడుతుంది. మొదటి ఊపిరి తీసుకుని కాసేపు అలాగే ఆగి, తర్వాత ఒళ్లంతా లాక్కుంటుంది. కొన్ని పిల్లలు పొర తల్లి కడుపులోనే చిరగ్గా బయటికి వస్తాయి. అరిస్టాటిల్ ఈ పొరల సంగతి రాశాడు. పిల్లలు ఒక్కోసారి లోపలే వాటిని కొరుక్కుని బయటపడతాయని కూడా రాశాడు. పొరను చీల్చడం అనే చిన్న నిజం నోళ్లు మారి, తల్లి కడుపును చీల్చడం అయింది. 1646లో ఇంగ్లండు వైద్యుడు థామస్ బ్రౌన్ జనం నమ్మే అబద్ధాల మీద రాసిన పుస్తకంలో ఈ పింజర కథకు ఒక అధ్యాయమే కేటాయించి కొట్టిపారేశాడు. కన్న తర్వాత తల్లి పింజర నిక్షేపంగా బతికే ఉంటుంది. కాబట్టి గ్రీకుల కేసు ఇంతటితో కొట్టివేత.

మన కథ అంత తేలిగ్గా విడిపోదు. అందులో ఉన్నవి గుడ్లు. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీళ్ల పాము, కొండచిలువ అన్నీ గుడ్లు పెట్టేవే. కోసిన పింజర కడుపు వీటికి జవాబు చెప్పదు.

అందుకని గుడ్ల దగ్గరికే వెళ్లాలి. గడ్డివామి అడుగున దొరికిన జెర్రిపోతు గుడ్ల డొల్లల్ని చేతిలోకి తీసుకుని చూశాను. కోడిగుడ్డు పెంకులా పెళుసుగా ఉండవు. తోలులా మెత్తగా ఉండి, ఎండాక ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకదానికొకటి అంటుకుని గుత్తిగా ఉన్నాయి. ఒక్కో డొల్ల మీదా ఒకటి కాదు, రెండు మూడు గీతలు, బ్లేడుతో కోసినట్టు తిన్నగా. వాటిలో ఒక్క గీత మాత్రమే పిల్ల పట్టేంత వెడల్పుగా తెరుచుకుంది. అంచులు బయటివైపుకు వంగి ఉన్నాయి. నమిలిన గుర్తు లేదు, చీకిన గుర్తు లేదు. ఇలాంటి ఖాళీ డొల్లల కుప్ప పక్కన పెద్దపాము కనబడితే, అదే తినేసి డొల్లలు వదిలిందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ గీతలు గీసింది పిల్లలే. గుడ్డులోని పాముపిల్లకు పై దవడ కొసన ముందుకు పొడుచుకొచ్చిన చిన్న పన్ను ఒకటి ఉంటుంది. కోడిపిల్ల ముక్కు మీద ఉండేది గట్టిపడిన బుడిపె. పాముపిల్లది నిజమైన పన్నే. తల అటూ ఇటూ ఆడిస్తూ దాంతో తోలును లోపలినుంచి కోస్తుంది. ఒక గీత చాలకపోతే ఇంకోటి గీస్తుంది. ముట్టె బయటపెట్టి నాలుక ఆడిస్తుంది, అలికిడైతే మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఇలా ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు గుడ్డులోనే తల బయటపెట్టి కూర్చుంటుంది. ఆ వ్యవధిలో మిగిలిన పచ్చసొన దాని పొట్టలోకి చేరిపోతుంది. బయటికొచ్చిన కొద్దిరోజుల్లోనే ఆ పన్ను ఊడిపోతుంది. ఆయుధం మాయం, కోత మాత్రం డొల్ల మీద మిగిలింది. అందుకే ఇన్నాళ్లూ నింద తల్లి మీద పడింది.

ఇక మన కథలోని చుట్ట. గుడ్ల చుట్టూ పాము చుట్టుకుని కూర్చోవడం కల్పన కాదు, కొండచిలువ అచ్చంగా అదే చేస్తుంది. గుడ్లు పెట్టి, వాటిని కుప్పగా చేర్చి, ఒళ్లంతా చుట్టి, పైన తల పెట్టుకుని సుమారు రెండు నెలలు కూర్చుంటుంది. ఎందుకన్నది పండితులకే చాలాకాలం తెగలేదు. భారతదేశంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు లామార్ పికో, ఇక్కడి కొండచిలువ గుడ్లను వెచ్చగా పొదుగుతుందని 1832లో పారిస్ సైన్స్ అకాడమీకి నివేదించాడు. చల్లని నెత్తురున్న జంతువు వేడి ఎలా పుట్టిస్తుందని పెద్దలు కొట్టిపారేశారు. 1841లో పారిస్ మ్యూజియంలోనే ఒక కొండచిలువ గుడ్లు పెట్టింది. వలాన్సియెన్ అనే జంతుశాస్త్రవేత్త చుట్టల మధ్య ఉష్ణమాపకం పెట్టి చూస్తే, చుట్టూ ఉన్న గాలికన్నా అక్కడ వేడి ఎక్కువగా ఉంది. 1966లో న్యూయార్క్ జూలో చేసిన కొలతలు కారణం కూడా తేల్చాయి. తల్లి కండరాలను లయగా బిగిస్తూ వదులుతూ ఉంటుంది, ఆ కదలికే వేడి పుట్టిస్తుంది. గుడ్ల చుట్టూ కూర్చున్న ఆ పాము తినడానికి కాచుకుని లేదు. తను తిండి మానేసి వాటిని కాచుతోంది.

నాగుపాము ఆడది కూడా గుడ్ల దగ్గరే ఉండటం చూసినవాళ్లున్నారు. ఈ విషయంలో అన్నిటినీ మించినది ఉత్తరాంధ్ర ఏజెన్సీ అడవుల్లో గిరినాగు అని పిలిచే రాచనాగు. ప్రపంచంలో గూడు కట్టే పాము ఇదొక్కటే. ఒంటిని కొక్కెంలా వంచి రాలిన ఆకుల్ని ఈడ్చుకొచ్చి కుప్ప వేస్తుంది, మధ్యలో 20 నుంచి 40 దాకా గుడ్లు పెడుతుంది, పైన మళ్లీ ఆకులు కప్పుతుంది. వానాకాలపు తడికి ఆకులు మాగి లోపల వెచ్చగా ఉంటుంది. తల్లి ఆ గూటి మీదో పక్కనో వారాల తరబడి కాపలా ఉంటుంది. తీరా పిల్లలు బయటికొచ్చే వేళకు కాస్త ముందు గూడు వదిలి వెళ్లిపోతుంది. గిరినాగు ముఖ్యాహారం పాములే, కాబట్టి సొంత పిల్లల మీద నోరు పడకుండా ముందే దూరంగా వెళ్తుందని పాముల్ని ఎరిగినవాళ్లు ఊహిస్తారు. కారణం అదే అయినా కాకపోయినా, పుట్టేటప్పటికి తల్లి అక్కడ లేదన్నది మాత్రం చూసిన సంగతి. విశాఖ పరిసరాల్లో ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఊళ్లవాళ్ల సాయంతో ఇలాంటి గూళ్లను కాపాడే పని చేస్తోంది.

పాము పామును తినడం ఎవరూ చూడలేదా అంటే, చూశారు. కట్లపాము తిండిలో చిన్న పాములు పెద్ద భాగం. నాగుపాము కూడా చిక్కితే వేరే పాముల్ని మింగుతుంది. పాముపిల్లలు చాలా రకాల్లో పెద్దవాటిలా ఉండవు. జెర్రిపోతు పిల్ల మెడవైపు లేత అడ్డపట్టీలతో ఉంటుంది, తల్లిదేమో పట్టీలన్నీ మాసిన గోధుమరంగు. రాచనాగు పిల్ల నిగనిగలాడే నలుపు మీద తెల్లటి, పసుపు పట్టీలతో పుడుతుంది. కాబట్టి ఒక పెద్ద పాము నోట్లో చిన్నపాము తోక ఆడుతుంటే అది ఏ జాతి పిల్లో తేల్చడం కష్టం. చీకటి పడే వేళ లాంతరు వెలుగులో చూసిన మనిషికి అది దాని పిల్లే.

ఇంతవరకూ తల్లి నిర్దోషి. అయితే నిజాయతీగా చెప్పాలంటే ఒక ఆధారం దానికి వ్యతిరేకంగా ఉంది. మెక్సికోలో ఒక జాతి గిలక పాముల (రాటిల్‌స్నేక్) మీద చేసిన పరిశోధన 2009లో అచ్చయింది. అవి కూడా పింజరల కుటుంబమే, పిల్లల్నే కంటాయి. కాన్పుకు సిద్ధంగా ఉన్న 190 ఆడపాముల్ని గమనిస్తే, వాటిలో 68 శాతం నిజంగానే తమ కాన్పులోంచి కొంత తిన్నాయి. తిన్నవి దాదాపుగా చచ్చి పుట్టిన పిల్లలు, ఎదగక గడ్డకట్టిన గుడ్లు. ఆరోగ్యంగా పాకుతున్న పిల్లల జోలికి పోవడం చాలా అరుదు. తిన్నది సగటున కాన్పు తర్వాతి తమ బరువులో 11 శాతం. నెలల తరబడి తిండి లేకుండా పిల్లల్ని మోసిన ఒంటికి, వేటకు వెళ్లే అవసరం లేకుండా కాస్త బలం తిరిగొస్తుంది. మిగిలిన పిల్లలున్న చోట కుళ్లు వాసన, చీమలు చేరవు. మన పూర్వీకుల్లో ఎవరో ఒకరు కాన్పు చోట ఇలాంటిది కళ్లారా చూసి ఉంటారన్నది నా నమ్మకం. ఆ మాట చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. పోయినదాన్ని తిన్నదని చెప్పాల్సిన చోట, పిల్లల్ని తిన్నదని చెప్పాడు.

ఇంకో చిక్కు మిగిలింది. తల్లి తినకపోతే ముప్ఫై పిల్లలూ ఏమయ్యాయి? పొలంలో రెండేళ్లకో పెద్ద పింజర కనబడితే గొప్ప.

పుట్టిన మొదటి వారం పది రోజులు పాముపిల్ల ఏమీ తినదు. పొట్టలో పచ్చసొన ఉంటుంది, దానితోనే గడుపుతుంది. చాలావరకు పుట్టిన చోటికి దగ్గర్లోనే ఏ ఆకుల కిందో, బీటలోనో దాక్కుంటుంది. తర్వాత మొదటి కుబుసం విడుస్తుంది, అప్పుడు ఆకలి మొదలవుతుంది, అప్పుడు చెల్లాచెదురవుతాయి. రక్తపింజర పిల్ల 21 నుంచి 26 సెంటీమీటర్ల పొడవుంటుంది. మచ్చలు పెద్దదానికన్నా స్పష్టంగా ఉంటాయి. పెద్దది ఎలుకల కోసం తిరిగితే, పిల్ల తొండల్నీ బల్లుల్నీ పడుతుంది. నాగుపాము పిల్ల పుట్టిన రోజే పడగ విప్పుతుంది, బుస కొడుతుంది. చిన్న కప్పలు, బల్లులు దాని తిండి. కాకులు, కొంగలు, నెమళ్లు, ముంగిసలు, పిల్లులు, ఉడుములు, కట్లపాములు అన్నీ ఈ జానెడు ప్రాణాల కోసం కాచుకుని ఉంటాయి. ఏడాది తిరిగేసరికి మిగిలేవి కొన్నే. తల్లి ఏమీ చేయకుండానే ముప్ఫైలో చాలావరకు పోతాయి. ఏమయ్యాయో కంటబడదు కనుక తల్లి మీద పెట్టడం సులువైంది.

వానాకాలంలో స్నానాలగది తూములోంచో, గుమ్మం కిందనుంచో ఇంట్లోకి వచ్చే చిన్నపాము ఈ చెల్లాచెదురైన వాటిలో ఒకటి. దాని వెనక పగబట్టిన తల్లి ఎక్కడా ఉండదు. తోబుట్టువులు మాత్రం చుట్టుపక్కల ఉండవచ్చు. కాబట్టి నాలుగు రోజులు చెప్పులు దులిపి వేసుకోవాలి, చీకట్లో టార్చి లేకుండా తిరగకూడదు. పిల్లపాము విషం పెద్దదానికన్నా ప్రమాదమని చాలామంది అంటారు. విషం కూర్పు వయసుతో మారే జాతులున్న మాట నిజం. పిల్ల దగ్గర ఉండే విషం మొత్తం మాత్రం పెద్దదానితో పోలిస్తే చాలా తక్కువ. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తపింజర, నాగుపాము పిల్లలు పుట్టిన రోజు నుంచే విషం ఎక్కించగలవు. కరిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. హైదరాబాదులో ఇంట్లోకి వచ్చిన పామును చంపకుండా పట్టుకెళ్లడానికి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు.

ఇప్పుడు ఇంగ్లండువాళ్ల తీర్పు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. గిల్బర్ట్ వైట్ దాన్ని ఒక పాము విషయంలో తేల్చాడు గానీ, సాక్షులు ఊరుకోలేదు. అమెరికాలో జార్జ్ బ్రౌన్ గూడ్ అనే యువ శాస్త్రవేత్త, పాములు పిల్లల్ని మింగడం మీరు చూశారా అని రైతుల పత్రిక ద్వారా జనాన్నే అడిగాడు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. పిల్లలు తల్లి తలవైపు పరుగెత్తి మాయమవడం కళ్లారా చూశామని పదుల కొద్దీ జనం రాశారు. 1873లో ఆయన ఆ సాక్ష్యాలన్నీ శాస్త్రవేత్తల సభలో చదివి, ఇది నిజమే అన్నవైపే మొగ్గాడు. తర్వాతి తరం పరిశోధకులు ఒప్పుకోలేదు. గిలక పాముల మీద 1956లో రెండు పెద్ద సంపుటాలు రాసిన లారెన్స్ క్లాబర్ కూడా దీన్ని కట్టుకథల పద్దులోనే వేశాడు. పాము పిల్లల్ని కని తన దారిన తాను పోతుంది, తల్లీపిల్లల బంధం పాముల్లో లేదు అన్నదే చాలాకాలం చదువుకున్నవాళ్ల మాటగా చెల్లింది.

ఆ మాటే ఈ చిక్కుముడికి అడ్డుపడింది. తల్లి పిల్లల్ని వదిలి వెళ్లిపోతే, పిల్లలు తల్లివైపు పరుగెత్తడం అంతమంది ఎలా చూశారు? పరుగెత్తడానికి ముందు తల్లి అక్కడ ఉండాలి కదా. ఈ ప్రశ్నను ఎవరూ గట్టిగా పట్టుకోలేదు.

జవాబు అరిజోనా కొండల్లో దొరికింది. పాముల పరిశోధకుడు హ్యారీ గ్రీన్, అతని సహచరులు నల్లతోక గిలక పాముల ఒంట్లో చిన్న రేడియో పరికరాలు అమర్చి ఏళ్ల తరబడి వాటి వెంట తిరిగారు. కాన్పైన ఆడపాము ఎటూ వెళ్లలేదు. కన్న చోటే పిల్లలతో ఉంది. పిల్లలు రాతి నెర్రె ముందు ఒకదాని మీద ఒకటి పడి ఎండ కాచుకుంటుంటే పక్కనే చుట్ట చుట్టుకుని ఉంది. వారం పది రోజుల తర్వాత పిల్లలు మొదటి కుబుసం విడిచాకే అన్నీ విడిపోయాయి. మరికొన్ని గిలక పాముల జాతుల్లో కూడా ఇదే కనిపించింది.

అలికిడి అయినప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. పిల్లలన్నీ నెర్రెలోకి పరుగెడతాయి. నెర్రె వాకిట్లో తల్లి తల ఉంది. పిల్లలు ఆ తల పక్కనుంచి, దవడ కిందనుంచి, చుట్టల మధ్యనుంచి జారి మాయమవుతాయి. పది అడుగుల దూరంలో భయంతో బిగుసుకుపోయి చూస్తున్న మనిషికి ఒక నోరూ, దానివైపు దూసుకుపోతున్న పిల్లలూ, తర్వాత ఖాళీ నేలా కనిపిస్తాయి. గూడ్‌కు ఉత్తరాలు రాసిన రైతులు ఆఖరి అడుగులో తప్పు చేశారు, మింగడం జరగలేదు. తల్లీపిల్లలు కలిసి ఉన్నాయన్న మాట మాత్రం నిజం. పండితులు తప్పుడు ముగింపుతో పాటు ఆ నిజమైన సాక్ష్యాన్ని కూడా పారేశారు. నూరేళ్లకు పైగా అది పుస్తకాల్లోకి ఎక్కకుండా పోయింది.

గుడ్లు పెట్టే పాముల్లో కూడా ఇలాంటిది ఉందని 2018లో తేలింది. దక్షిణాఫ్రికాలోని డినోకెంగ్ అభయారణ్యంలో గ్రాహం అలెగ్జాండర్ అనే పరిశోధకుడు ఏడేళ్లపాటు కొండచిలువల వెంట తిరిగాడు. పెద్ద జంతువులు తవ్వి వదిలేసిన కలుగుల్లో అవి గుడ్లు పెట్టేవి. రంగు నలుపెక్కిన తల్లి బయటికొచ్చి ఒంటికి ఎండ పట్టించుకుని, ఆ వేడిని లోపలికి తీసుకెళ్లి గుడ్లను చుట్టుకునేది. పిల్లలు బయటికొచ్చాక కూడా సుమారు రెండు వారాలు అక్కడే ఉండేది. పగలు పిల్లలు కలుగు ముందు ఎండ కాచుకునేవి, రాత్రి తల్లి చుట్టల్లోకి చేరేవి. ఆ తల్లులు అప్పటికి నెలల తరబడి తిండి ముట్టలేదు, ఒంటి బరువులో 40 శాతం దాకా పోగొట్టుకున్నాయి. ఆ ఆకలితోనే పిల్లల్ని రాత్రంతా చుట్టలో పెట్టుకున్నాయి. పిల్లలు చెదిరిపోయాక వేటకు బయల్దేరేవి. మళ్లీ మామూలు బరువుకు రావడానికి వాటికి చాలా కాలం పట్టేది.